అమ్మ గాజు ఉంటేనే కదిలే బండి

మా చిన్నప్పుడు... హెర్న్‌డన్‌లో మా ఇంటి బేస్‌మెంట్ మెట్లు దిగితే చాలు, వేల్స్ వచ్చేసేది!

నిజమండీ బాబూ. నాన్నగారు అమెరికా రాకముందు బ్రిటన్‌లో, వేల్స్ కొండల మధ్య ఒక చిన్న ఆసుపత్రిలో డాక్టరు. ఆ లోయలో తిరిగే చిన్న రైల్లోనే డ్యూటీకి వెళ్ళేవారు. ఈయన పరుగెత్తుకుంటూ వస్తుంటే గార్డు చూసి బండి కాసేపు ఆపించేవాడట. ఎవరూ తెలియని దేశంలో ఆ మంచితనాన్ని ఆయన జన్మంతా తలచుకున్నారు. అందుకే ఇక్కడ ఇల్లు కొనగానే బేస్‌మెంట్‌లో ఆ లైన్ మొత్తాన్నీ బొమ్మరైలుగా కట్టేశారు... స్టేషన్లు, వంతెన, అట్టతో కొండలు, అన్నీ.

అక్కడ పట్టాలు ఒకటే వరస. రెండు బళ్ళు ఎదురెదురుగా రాకుండా ఒక పద్ధతి ఉండేది. స్టేషన్‌లో డ్రైవర్ చేతికి టోకెన్ ఇస్తారు. అది ఎవరి చేతిలో ఉంటే లైన్ వాళ్ళది. అవతలి స్టేషన్‌లో దాన్ని తిరిగి ఇచ్చేదాకా ఇంకో బండి కదలకూడదు.

మా ఇంట్లో టోకెన్ ఏమిటనుకున్నారు? అమ్మ పాత ఆకుపచ్చ గాజు! అది తొడుక్కున్నవాళ్ళే డ్రైవర్. దానికోసం అక్కా నేనూ జుట్లు పట్టుకునేవాళ్ళం.

అక్క దూరపు కాలేజీలో చేరడానికి వెళ్ళే రోజు... పొద్దున్నే గాజు తొడుక్కుని బండి నడుపుతోంది. నాన్నగారు ఉండబట్టలేక మళ్ళీ మెడిసిన్ సంగతి ఎత్తారు. "హిస్టరీ చదివి ఏం చేస్తావే?" అన్నారు. అంతే... అక్క స్విచ్ కట్టేసింది. "నేనింక ఇంటికి రాను. థాంక్స్‌గివింగ్ సెలవులకి కూడా రాను!" అని విసవిసా మెట్లెక్కి, ఫ్రెండ్ కారెక్కి వెళ్ళిపోయింది. గాజు చేతికే ఉండిపోయింది.

బండి వంతెన మీద ఆగిపోయింది.

"నేను మూవ్ చేస్తా డాడీ... ఇంకో బాంగిల్ యూజ్ చేద్దాం" అన్నాను.

"కుదరదమ్మా. టోకెన్ అక్క దగ్గరుంది. ఈ లైన్ అక్కది."

అబ్బ, ఏం మొండితనమో! ఆకులన్నీ రాలిపోయాయి, బండి మీద దుమ్ము పేరుకుంది. ఆయన మాత్రం దాన్ని ముట్టుకోలేదు, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. పోనీ కూతురికి ఫోన్ చేసి రమ్మంటారా అంటే అదీ లేదు. "తండ్రీకూతుళ్ళు ఇద్దరూ ఇద్దరే" అని అమ్మ విసుక్కునేది. నాకేమో ఇల్లంతా బోసిపోయి ఏడుపొచ్చేది. అక్క నిజంగానే ఇంక రాదేమోనని భయం. చివరికి నేనే ఫోన్ చేశాను.

"అక్కా, ట్రైన్ ఇంకా బ్రిడ్జి మీదే ఉంది. డాడీ టచ్ చేయనివ్వట్లేదు."

"వాట్? ఇంకానా? ఎందుకు?"

"లైన్ నీదట."

అక్క టక్కున ఫోన్ పెట్టేసింది.

థాంక్స్‌గివింగ్‌కి వచ్చేసిందండీ! కోటు కూడా విప్పకుండా తిన్నగా బేస్‌మెంట్‌లోకి దిగింది. స్విచ్ వేసి, బండిని మెల్లగా స్టేషన్‌కి చేర్చింది. గాజు తీసి నాన్నగారి చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ "లైన్ క్లియర్" అన్నారు. ఆ తర్వాత మెడిసిన్ మాట ఇంక ఎప్పుడూ ఎత్తలేదు.

వేల్స్‌లో ఆ లైన్ మూతపడితే, ఊళ్ళోవాళ్ళే పూనుకుని మళ్ళీ బతికించుకున్నారు. ఇప్పటికీ టోకెన్ చేతిలో పడ్డాకే డ్రైవర్ కదులుతాడట. ఆ ఊరివాళ్ళకి, ఆ గార్డుకి, ఆ పద్ధతి మా ఇంటికి తెచ్చిన నాన్నగారికి... ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

నాన్నగారు ఇప్పుడు లేరు. రైలు మోరిస్‌విల్‌లో మా గరాజ్‌లో ఉంది. గాజు దేశం అవతలి కొసన, సన్నీవేల్‌లో అక్క దగ్గర ఉంది... కావాలనే అక్కడ ఉంచాను. "ఆన్‌లైన్‌లో ఇంకోటి ఆర్డర్ చేద్దాం మామ్" అంటారు మా పిల్లలు. వేలితో నొక్కితే అన్నీ గుమ్మంలోకి వచ్చిపడే రోజులు కదా మరి! నేను ఒప్పుకోను. పెద్దమ్మ రావాల్సిందే, అప్పుడే బండి కదిలేది.

వచ్చే వారం అక్క వస్తోంది. ఇవాళే బండి మీద దుమ్ము తుడిచాను.

మీ ఇంట్లోనూ ఉండేదా... ఫలానా మనిషి వస్తే గానీ మొదలవనిది ఏదైనా? చెప్పరూ...