తెరకి అడ్డం రాని మనిషి

మలయాలో మా రబ్బరు ఎస్టేటు కూలీల లైన్లలో ఒక మామ ఉండేవాడు. కథ చెప్పేటప్పుడు మా ఎదురుగా నిలబడేవాడు కాదు. పక్కకి జరిగి, ఖాళీ గోడకేసి చూస్తూ చెప్పేవాడు. వయసులో ఉండగా బంటింగ్ ఊళ్ళో టెంటు సినిమాలో మూకీ బొమ్మలకి తెలుగులో కథ చెప్పిన మనిషి. తెరకి అడ్డం రాకూడదన్న అలవాటు ఆయన్ని వదల్లేదు.

ఆయనకి ఇష్టమైన బొమ్మ ఏదో ఇంగ్లీషు నవలని పట్టుకుని తీసింది. టెంటు కాలినప్పుడు దాని రీళ్ళూ కాలిపోయాయి.

తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో, రబ్బరు తోటలోకి వెళ్ళేముందు, ముళ్ళకంచె గేటు దగ్గర అందరినీ సోదా చేసేవారు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి బియ్యం చేరవేస్తామని అనుమానం. ఆ వరసలో నిలబడి మామ చేత ఆ కథే చెప్పించుకునేవాళ్ళం. మా అన్నని పోలీసులు పట్టుకెళ్ళాక, అమ్మ మాత్రం చివరి ముక్కే అడిగేది.

"నీళ్ళల్లో పడిపోయిన పిల్ల ఏటైనాది, అన్నా?"

"ఒడ్డెక్కినాది లా. ఇంటికొచ్చేసినాది."

మలయాకి మెర్దెకా, స్వతంత్రం, వచ్చేనాటికి నేను క్లాంగు పట్నంలో గుమాస్తాని. అక్కడ ఆ నవల దొరికింది; చదువుతుంటే మామ చెప్పిన కథే అని పోల్చుకున్నాను. అందులో ఆ పిల్ల మునిగి చనిపోతుంది. సెలవుకి వచ్చినప్పుడు మామని అడిగాను.

"బొమ్మలోనూ సచ్చిపోయినాది," అన్నాడు నెమ్మదిగా. "ఆఖర్న తెర మీద వట్టి నీళ్ళే. తెర మీద ఇంగ్లీషులో రాసినది మనోళ్ళెవులూ సదవలేరు గదా. ఏడుస్తా ఇళ్ళకెళ్ళడమేటని ఒడ్డెక్కించినాను."

ఇంటికెళ్ళేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. అన్న ఇంకా రాలేదు. నాకా నవల దొరికిందని విన్నదేమో, పుస్తకంలో ఆ పిల్ల ఏటైనాదని అడిగింది.

నేను పక్కకి జరిగి, గోడకేసి చూస్తూ, ఒడ్డెక్కిందని చెప్పాను.