రోమన్ కోట పక్కన నా గారెల కొట్టు

ఆ రోజుల్లో మేనేజర్ ఏమడిగినా తలూపడమే ఉద్యోగ ధర్మమని గట్టిగా నమ్మేవాణ్ణి. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఓ కార్ల కంపెనీకి కాంట్రాక్ట్ మీద పనిచేస్తున్నాను. అది నెలాఖరుకి అయిపోతోంది, రెన్యూ కాకపోతే వీసా కూడా గల్లంతే. సరిగ్గా అప్పుడే మా మేనేజర్ (వారమంతా బ్రేకుల సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు రోమన్ సేనాని) పాతకాలపు యుద్ధాలని వేషాలు కట్టి ఆడే తన బృందంలోకి నన్ను రమ్మన్నాడు. ఊరి బయట మైదానంలో ప్లైవుడ్‌తో సరిహద్దు కోట కడతారట, దాన్ని ఆనుకుని సైనికుల పెళ్ళాలూ కొట్లవాళ్ళూ ఉండే పేట. సాయంత్రం అనాగరికుల వేషాల్లో ఇంకో బృందం దండెత్తి వస్తే కోట మీది జెండా పోకుండా కాపాడాలి. ఏటా ఓడిపోతున్నాడట, ఈసారి గెలిచి తీరాలన్నాడు. నేను నసుగుతుంటే నా రూమ్మేట్, వరంగల్ తమ్ముడు, "మేనేజర్ పిలిస్తే పోకుంటే ఎట్ల అన్నా? ఏదో ఒక ఏషం ఏసి రా" అన్నాడు.

నాకిచ్చిన వేషం ఇండియా నుంచి మిరియాలు తెచ్చిన వర్తకుడు. (వేషమని పేరే గాని, అమ్మ పంపిన పట్టుపంచె కట్టుకున్నానంతే.) పేటలో ఏదైనా వండి అమ్మమన్నారు గానీ, రోమన్ల కాలానికి ఇండియాకి కూడా రాని సరుకు వాడకూడదట. మిరపకాయ వద్దు, టమాటా వద్దు, బంగాళాదుంప వద్దు. పచ్చిమిర్చి లేని వంట నా బుర్రకి ఎంతకీ తట్టలేదు. చివరికి మినప్పిండిలో మిరియాలు దంచి వేసి గారెలు మొదలుపెట్టాను.

ఆ వాసన కోటగోడ దాటింది. ముందు గేటు కావలివాళ్ళు వచ్చారు, రుచి చూసి లోపలివాళ్ళకి చెప్పారు, కాసేపటికి ఇనుప కవచాలన్నీ నా కొట్టు ముందు లైన్లో ఉన్నాయి. అంతలో ఒళ్ళంతా నీలిరంగు పూసుకున్న అనాగరికులు అరుస్తూ వచ్చిపడ్డారు. కోటలో మేనేజర్ ఒక్కడే కత్తి దూసి నిలబడ్డాడు. పాపం, ఆయన మీదికి ఎవరూ వెళ్ళలేదు, వాళ్ళూ వచ్చి బుద్ధిగా లైన్ చివర నిలబడ్డారు. (మనిషికి రెండే అని నేను రేషన్ పెట్టాల్సి వచ్చింది.) తిన్న అనాగరికుడొకడు చెయ్యి కడుక్కోవడానికి కోటలోకి వెళ్ళి, వెళ్ళినవాడు ఊరుకోక జెండా పీకేశాడు. అలా కోట పోయింది. మేనేజర్ మొహం చూస్తే నా వీసా కూడా పోయినట్టే అనిపించింది. గారె ఒకటి ఇవ్వబోతే తీసుకోలేదు.

సోమవారం గదిలోకి పిలిచి తలుపేశాడు. అప్పటికే మనసులో సూట్‌కేసు సర్దేసుకున్నాను. ఆయన, "వచ్చే ఏడాదికి ఆ అనాగరికులు నిన్ను తమ వైపు ఇమ్మంటున్నారు. నేను ఇవ్వనని చెప్పేశాను" అన్నాడు. ఈ దేశం వచ్చాక నాకోసం ఇద్దరు పోట్లాడుకోవడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో కాంట్రాక్ట్ సంగతి అడగడమే మరిచిపోయి, నవ్వుకుంటూ వచ్చి సీట్లో కూర్చున్నాను, పిచ్చివాణ్ణి.