లేని బ్రేకు

పంజాగుట్ట కార్ల షోరూమ్‌లో చేరిన కొత్తలో పని నేర్చుకోమని నన్ను ఒక సీనియర్ సేల్స్‌మన్ వెంట పంపేవారు. ఆయన అక్కడ అందరికన్నా పాతవాడు. ఆయన తర్వాత చేరినవాళ్లు మేనేజర్లయ్యారు. ఆయన మాత్రం డెమో కారు ఎడమ సీట్లోనే ఉండిపోయాడు, కస్టమర్లతో టెస్ట్ డ్రైవ్ చేయిస్తూ. కొత్త చేతుల్లో బండి అమీర్‌పేట సిగ్నల్ మీదికి దూసుకుపోతుంటే, నోటితో మైలేజీ గురించి నింపాదిగా చెబుతూ, కుడికాలితో అక్కడ లేని బ్రేకును తొక్కేవాడు. వెనక సీట్లోంచి చూస్తున్న నాకు నవ్వొచ్చేది.

"ఏంటన్నా, అటువైపు బ్రేకుండదుగా?" అని ఒకసారి అడిగాను.

"నాకెరుకే చెల్లె, కాలుకే ఎరుకలేదు. నోరు తెరిచి ఆపమంటే కస్టమర్ బెదురుతడు. బండి తీసుకోడు."

నెలాఖరు మీటింగులో మేనేజర్ ఆయన పేరు చదివాడు. ఆ మేనేజర్ ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు.

"టార్గెట్ మళ్ల రాలేదన్నా. రేపటి సంది రావద్దు. ఫీల్ గాకు."

"సరే సార్," అన్నాడు, మైలేజీ చెప్పే గొంతుతోనే. పక్కన కూర్చున్నాను కనుక నాకొక్కదానికే కనిపించింది. బల్ల కింద ఆయన కుడికాలు నేలను తొక్కుతోంది, బూటు మడతపడేంత గట్టిగా.

మర్నాడు టెస్ట్ డ్రైవ్‌కు నన్ను పంపారు. మొదటిసారి ఎడమ సీట్లో కూర్చున్నాను. కాళ్ల కింద మ్యాట్ ఒక్కచోట అరిగి గుంటపడి ఉంది. ఎర్రలైటు పడినా కస్టమర్ వేగం తగ్గించలేదు. నేను నోరు తెరవలేదు. నా కాలు వెతుక్కోకుండానే ఆ గుంటలోకి వెళ్లింది.