ఆవకాయ మరకల పేపర్లు, మా ఓబులేసు పెదనాన్న

నిన్న పొద్దున నాన్న ఒక కాలికే షూ వేసుకుని సోఫాలో కూర్చుని ఉన్నారు. రెండో షూ చేతిలో ఉంది. ఫోన్ ఒళ్ళో ఉంది.

డ్యూటీకి టైమవుతోందని చెప్పబోయాను.

"ఓబన్న పోయినాడంటమ్మా" అన్నారు.

రాజంపేట నుంచి ఫోన్. నిద్రలోనే పోయారట. మొన్న శుక్రవారమే వీడియో కాల్‌లో, "బక్కగైపోయినావే, అన్నం మానేసి పుస్తకాలు తింటాండావా ఏమి?" అని నన్ను ఆటపట్టించారు.

ఓబులేసు పెదనాన్న మాకు చుట్టం కాదు. కువైట్‌లో నాన్నకి రూమ్మేట్. నాన్న "అన్నా" అనేవారు కాబట్టి నాకు పెదనాన్న.

1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు వాళ్ళిద్దరూ ఇంకొంతమందితో ఫర్వానియాలో ఒకే రూంలో ఉన్నారు. పని లేదు. ఇంటికి ఫోన్ కలవదు, ఉత్తరం రాదు. బయటికి వెళ్ళాలంటే భయం.

అంతకుముందే ఎవరో ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ సీసాలకి చుట్టిన తెలుగు పేపర్లు కొన్ని రూంలో మిగిలాయి. పెదనాన్న వాటిని చేత్తో సాపు చేసి, రోజూ సాయంత్రం అందరికీ పైకి చదివేవారట.

సినిమా కబుర్లు. క్రికెట్ స్కోర్లు. ఒక బొమ్మల సీరియల్.

సీరియల్లో హీరో తాడు పట్టుకుని వేలాడుతుంటాడు. కింద మొసలి. తర్వాతి రోజు పేపర్ లేదు.

అన్నీ అందరికీ కంఠతా వచ్చేశాక, పెదనాన్న సొంతంగా కల్పించి చదవడం మొదలుపెట్టారు. మొసలికి పంటినొప్పి. హీరోయిన్ పెళ్ళి రాజంపేటలోనే. మ్యాచ్ మనమే గెలిచాం. అబద్ధమని తెలిసీ అందరూ చప్పట్లు కొట్టేవారట.

నాన్న మాత్రం కొట్టేవారు కాదు.

ఊళ్ళో, రాయచోటిలో, అమ్మకి నెలలు నిండాయి. తొలికాన్పు. కష్టం కావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. అమ్మ ఎలా ఉందో తెలిసే దారి లేదు. నాన్న అన్నం ముందు కూర్చుని లేచిపోయేవారట.

ఒకరోజు పెదనాన్న పేపర్ తిప్పి, గొంతు సవరించుకుని చదివారు. "రాయచోటి, పురుడు వార్త. తల్లీబిడ్డా క్షేమం. ఆడబిడ్డ."

ఎవరూ నవ్వలేదట.

"ఇంకోసారి చదువన్నా" అన్నారట నాన్న.

ఆ తర్వాత అది రోజూ ఉండేది. బిడ్డ పాలు తాగింది. బిడ్డకి జలుబు. తగ్గింది. నాన్న అది విని అన్నం తినేవారు.

పెదనాన్నకీ ఊళ్ళో భార్య, ఇద్దరాడపిల్లలు. "మీ ఇంటి వార్త చదవవేమన్నా?" అని ఎవరో అడిగితే, "మా ఊర్లో విలేకరి లేడ్లేబ్బా" అన్నారట.

చివరికి బస్సుల్లో జోర్డాన్ దాకా వెళ్ళి, ఫ్లైట్ ఎక్కి నాన్న ఇల్లు చేరితే, వాకిట్లో అమ్మ. చంకలో మా అన్న.

సంగతి తెలిసి పెదనాన్న అన్నది ఒకటే మాట: "అచ్చుతప్పు."

ఇదంతా నాన్న చెప్పింది. నాకు తెలిసిన పెదనాన్న ఆ తర్వాతి మనిషి. మళ్ళీ కువైట్ వచ్చి, దజీజ్‌లో ఒక గోడౌన్‌లో పని చేస్తూ, మా కాపురమూ అక్కడికే మారాక శుక్రవారం మా ఇంటికి భోజనానికి వచ్చే మనిషి.

ఎవరైనా వస్తే నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకునేదాన్ని. అందరూ "సిగ్గెందుకు, రా" అని పిలిచేవారు. ఆయన పిలవలేదు. యుద్ధమప్పుడు వెంట తీసుకెళ్ళి దాచుకున్న ఆ పాత పేపర్లు ఒక్కొక్కటే తలుపు కింద నుంచి తోసేవారు.

"శ్రావణమ్మా, మీ అమ్మ పురుడు సంగతి ఇందులోనే యాడో పడింది. నా దగ్గర అద్దాలు లేవు. చూసిపెట్టు."

అద్దాలు ముక్కు మీదే ఉండేవి.

సిస్టర్లు నడిపే మా కాన్వెంట్ స్కూల్లో హిందీ ఉంది, ఫ్రెంచ్ ఉంది. తెలుగు లేదు. అక్షరాలు ఆ హెడ్డింగుల్లోనే కూడబలుక్కున్నాను, తెలియనివి తలుపు సందులోంచి అడుగుతూ.

పురుడు వార్త దొరకలేదు. సినిమా కబుర్లు దొరికాయి. ఒక శుక్రవారం భోజనాల దగ్గర, "పప్పులో ఉప్పు ఎక్కువైందన్న వదంతులను అమ్మ ఖండించింది" అన్నాను. పెదనాన్నకి పొలమారింది. అమ్మ గరిటె పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఇంకొన్నాళ్ళకి పేపర్ల పైన తేదీలు చదివాను. అన్నీ యుద్ధానికి ముందువే. అన్న అప్పటికి పుట్టనే లేదు.

నేనే తలుపు తీసుకుని బయటికొచ్చాను. "పెదనాన్నా, ఇందులో ఆ వార్త ఎలా పడుతుంది?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "ఖలాస్. నీకు చదవడం వచ్చేసింది."

పని మానేసి ఊరెళ్ళిపోయేటప్పుడు ఆ పేపర్లు నాకే ఇచ్చేశారు. ఇవాళ తీసి చూశాను. మొసలి మీద నూనె మరక అలాగే ఉంది.

నాన్న ఇవాళ రెండు షూలూ వేసుకుని, వచ్చి నా పక్కన కూర్చున్నారు. "ఏదన్నా చదువమ్మా" అన్నారు.

క్రికెట్ స్కోరు చదివాను. మనమే గెలిచామని చదివాను.

వెళ్ళి రండి పెదనాన్నా. అక్కడైనా మీకు ఆ తర్వాతి రోజు పేపర్ దొరకాలి. పెద్దమ్మకి, అక్కలకి దేవుడు ధైర్యమివ్వాలి. మీరు హాయిగా నిద్రపోండి.

ఆ పురుడు వార్తలో బిడ్డకి పేరు కూడా చదివారట, శ్రావణ మాసం కదా అని. కొన్నేళ్ళకి జనవరిలో నేను పుడితే, నాన్న ఆ పేరే పెట్టారు.