ఆస్ట్రియా ఎందుకు బయట ఉండిపోయింది

2022. జురాంగ్ వెస్ట్‌లో పదకొండో అంతస్తు ఫ్లాటు. సోమ, గురువారాల్లో సాయంత్రం అయిదింటికి అక్కడ హిస్టరీ ట్యూషన్ చెప్పేవాణ్ణి. సింగపూర్ మొత్తంలో నా అంతటి హిస్టరీ ట్యూటర్ లేడని చెప్పుకునేవారు. ఎక్కువగా చెప్పుకున్నది నేనే.

శిష్యురాలు నిత్యకు పదహారేళ్లు. తండ్రి జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంట్ ఇంజనీరు. తల్లి సుజాత బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్ మనిషి. ఏడాది చివరి పరీక్షలో బి గ్రేడు వస్తేనే హిస్టరీ కొనసాగించనిస్తామని, లేకుంటే దాని బదులు ఫిజిక్స్ తీసుకోవాలని ఇంట్లో షరతు. పిల్లకేమో హిస్టరీ అంటే ప్రాణం.

మా వృత్తిలో మోడల్ ఆన్సర్ అని ఒకటుంది. ప్రశ్న రాకముందే వండిపెట్టే జవాబు. పిల్లలు బట్టీపట్టి పరీక్షలో దించేస్తారు. జర్మనీ ఏకీకరణకు నా దగ్గర నాలుగు పేరాలది ఉండేది: ముప్పై తొమ్మిది రాజ్యాలు, వాటి మధ్య సుంకాలు తీసేసిన ఒప్పందం, వాటిలో ఒకటైన ప్రష్యా గెలిచిన మూడు యుద్ధాలు, 1871లో సామ్రాజ్యం. మొదటి వాక్యం, 'జర్మన్లందరూ ఏకమయ్యారు.'

నిత్య అది చదివి పెన్ను కింద పెట్టింది.

"అంకుల్, ఆస్ట్రియా వాళ్లు కూడా జర్మనే మాట్లాడతారు కదా. మరి వాళ్లెందుకు లేరు?"

నాకు తెలియదు. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ వంటింట్లోంచి సుజాత వింటోంది.

"వాళ్లది వేరే భాషమ్మా. నేను బెర్లిన్‌లో రెండేళ్లున్నాను. వియన్నా వెళ్లి చెవులారా విన్నాను."

"బుక్‌లో అలా లేదు లా, అంకుల్." మాట చివర ఆ 'లా' సింగపూర్ పిల్లల అలవాటు.

"రాసినాయన అక్కడికి వెళ్లాడో లేదో. నేను వెళ్లాను."

నిజం చెప్పాలంటే, నేను జర్మనీలో గడిపింది ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో మూడు గంటలు. ఒక కాఫీ తాగాను. వియన్నాను పటంలో చూశాను.

పరీక్షలో సరిగ్గా అదే అడిగారు. భాష వేరు కాబట్టి ఆస్ట్రియా చేరలేదని నిత్య పేజీన్నర రాసింది. సి వచ్చింది.

తరువాతి గురువారం నేను వెళ్లేసరికి ఆ జవాబు పత్రం బల్ల మీద ఉంది. సుజాత నా చేతికి టీ ఇచ్చి, కూతురి మీద పడింది.

"అంకుల్ అంత మంచిగ చెప్పిండు. బెర్లిన్‌ల రెండేండ్లు ఉండి వచ్చినాయన. నువ్వే సక్కగ వినలే."

"అంకులే అలా చెప్పారమ్మా."

"తప్పు నువ్వు జేసి పెద్దాయన మీద పెడ్తున్నవా?"

నిత్య నా వైపు చూసింది. నేను టీ తాగాను. మొత్తం తాగాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. కప్పు ఖాళీ అయ్యాక గానీ నోరు పెగల్లేదు.

"సుజాతా, పిల్ల తప్పేం లేదు. అబద్ధం చెప్పింది నేను. బెర్లిన్ మొహం నేనెరగను."

ఆమె ఖాళీ కప్పు నా చేతిలోంచి తీసుకుంది.

"గప్పుడే చెప్తే అయిపోతుండె గదా అంకుల్. పొద్దుగాల ఫిజిక్స్‌కు ఫారం ఇచ్చేసొచ్చిన."

"వెనక్కి తీసుకోవచ్చేమో."

"ఆఖరు తారీఖు ఇయ్యాల్నే. స్కూల్ ఆఫీసు బంద్ అయింది."

నిత్య ఏడవలేదు. "అయితే అసలు ఎందుకు, అంకుల్?" అని అడిగింది.

పరీక్ష అయ్యాక మాత్రం నేను చదివాను, సిగ్గులేకుండా. "1866లో ప్రష్యా యుద్ధం చేసి ఆస్ట్రియాను బయటికి నెట్టింది. ఇంట్లో ఇద్దరు పెద్దలుంటే పొసగదని. పైగా ఆస్ట్రియా కింద హంగరీ వాళ్లు, చెక్‌లు, ఇంకా ఎందరో ఉన్నారు. అందరూ ఏకం కాలేదమ్మా. కొందర్ని వదిలేస్తేనే ఆ దేశం ఏర్పడింది."

"రెండు నిమిషాలు కూడా పట్టలేదు," అంది.

పదిహేనేళ్లు 'అందరూ' అని అమ్ముకున్నాను. అది నిజమేనా అని ఏ తల్లీ తండ్రీ అడగలేదు, ఏ గ్రేడు గ్యారంటీ ఇస్తారనే అడిగారు. వాళ్ల మీదా కోపమే, కానీ అబద్ధం వాళ్లది కాదు. కళ్లారా చూశానని మాస్టారు అంటే పిల్లలు పుస్తకాన్ని నమ్మడం మానేస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

నిత్య ఫిజిక్స్‌లో బాగానే నెగ్గుకొచ్చిందట. నన్ను ఓదార్చడానికి సుజాత ఫోన్ చేసి చెప్పింది. నా మీద నాకే ఒళ్లు మండింది.