చోడి చేలో ఒక రోజు బాకీ

జీతం అనే మాట మీద నాకు మహా గర్వం ఉండేది. మా పార్వతీపురంలో ఒకటో తారీఖున జీతం తెచ్చుకునేవాళ్లకి కిరాణా కొట్టువాడు కూడా కుర్చీ వేస్తాడు. తొంభైల్లో సాలూరు పైన ఒక కొండ ఊరికి టీచరుగా వెళ్లినప్పుడు, ఆ ఒక్క మాటతో ఏ పనైనా అయిపోతుందనుకున్నాను.

అవలేదు. ముసురు పట్టగానే నేనుండే గడ్డి ఇల్లు కారడం మొదలుపెట్టింది. రెండేళ్లు నిండని నా కూతురికి దగ్గు పట్టుకుంది. "రెట్టింపు కూలి ఇస్తాను, ఇల్లు కప్పండి" అని ఊరంతా అడిగాను. అందరూ తలూపారు, ఒక్కరూ రాలేదు. నాకు ఒళ్లు మండింది.

పక్కింటి ముసలమ్మ నా కేకలన్నీ విని, తాపీగా చుట్ట వెలిగించుకుంది.

"కూలికి ఎవులొత్తారు టీచరమ్మా? ఆదివారం మా సోడి సేనుకి నువ్వు రా. నీ ఇంటికి మేమొత్తాం."

అక్కడ అంతే. ఒకరి చేలో ఒకరు చేస్తారు, ఒకరి ఇల్లు ఒకరు కప్పుతారు. జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానందట, ఇదేం పద్ధతని గొణుక్కున్నాను. అయినా పిల్ల దగ్గు వింటూ కూర్చోలేను కదా. ఆదివారం చర్చిలో ప్రార్థన అవగానే వెళ్లి, చోడి చేలో, అంటే రాగి చేలో, నడుం పడిపోయేదాకా కలుపు తీశాను.

సాయంత్రం ముసలమ్మ నా కుప్ప తిరగేసి చూసింది.

"నువ్వు పీకింది సగం సోడి మొక్కలే. ఇది లెక్కలోకి రాదు. కోతకి రావాల."

నా మొహం మాడిపోయింది. ఇక ఇంటికి ఎవరూ రారనుకున్నాను. తెల్లారేసరికి గడ్డి మోపులతో ఊరంతా నా గుమ్మంలో ఉంది. మధ్యాహ్నం వాన దంచింది, లోపల ఒక్క చుక్క పడలేదు. పిల్ల పొడి పక్క మీద నిద్రపోతుంటే చూసి ఏడ్చేశాను.

కోతలకి ముందే నాకు పార్వతీపురం బదిలీ అయింది. బాకీ మాట ఎవరూ ఎత్తలేదు, అదే నన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు. సంతకి దిగినవాళ్లు కోతలు పడ్డాయని చెప్పగానే సెలవు పెట్టి, పిల్లని చంకనేసుకుని కొండెక్కాను.

ముసలమ్మ "ఒచ్చావా" అని మాత్రం అని కొడవలి చేతికిచ్చింది. నేను వెన్నులు కోస్తుంటే నా కూతురు గట్టు మీద నిలబడి, అరిచి అరిచి పిట్టల్ని తోలింది.

బయల్దేరేటప్పుడు ముసలమ్మ చోళ్లు మూట కట్టి తెచ్చింది. నేను వద్దన్నాను.

"నీకేటి ఇస్తన్నాను? నీ బాకీ తీరిపోనాది. ఇది నీ గుంట జీతం" అంటూ మూట పిల్ల చేతికి తగిలించింది.

పార్వతీపురంలో బస్సు దిగేదాకా నా కూతురు ఆ మూటని నన్ను ముట్టుకోనివ్వలేదు.