మామకు మతి తప్పలేదు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరు నన్ను ఎరగరు, అందుకే చెబుతున్నాను. ఓదార్చకండి. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

రెంటచింతలలో మా ఇంటికి కిటికీ చట్రం నేనే చేసుకున్నాను. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. మిల్లీమీటరు తేడా రానివ్వడని ఊళ్లో పేరు. కర్ర ఎంచింది మాత్రం మా వీధి వడ్రంగి బ్రహ్మయ్య మామ. వేప దుంగల్ని తట్టి చూసి, రెండు వేసవులు ఎండినదాన్ని తీసిచ్చాడు. నిలువు కర్రలకు బెజ్జాలూ తనే తొలిచాడు. వాటిలో బిగువుగా దిగేలా అడ్డకర్రల కొసలు నేను చెక్కాలి. వెడల్పు ఎంతని అడిగితే, "రెండంగుళాల నాలుగు నూలు" అన్నాడు.

నేను 2.4 అంగుళాలని రాసుకున్నాను. అరవై ఒక్క మిల్లీమీటర్లకు గీసి కోశాను.

నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నాలుగు నూలంటే అర అంగుళం. ఏ తాపీమేస్త్రీని అడిగినా చెప్పేవాడు. లెక్కలు తెలిసినవాణ్ణి, నేను అడగడమా?

కొసలు బెజ్జాల్లో వదులుగా ఆడాయి. అప్పుడు ఆరా తీస్తే తప్పు తెలిసింది. కొత్త కర్ర కోయాల్సింది. అది మానేసి సందుల్లో చెక్కపేళ్లు దూర్చి, బంక పోసి, రంగేశాను.

గోడలో నిలబెట్టబోతే మూల విడిపోయింది. అడ్డకర్ర పడి గోడ కడుతున్న మేస్త్రీ బొటనవేలు చితికింది. మామ వచ్చి కొలిచాడు.

"కొస సన్నమైందిరా అల్లుడా. నాలుగు నూలన్నా గదరా?"

"మూడన్నావు మామా. మతి తప్పతంది నీకు." నేను కోసిన కొలత ఇంచుమించు రెండంగుళాల మూడు నూలే.

"మూడెందుకంటాను? బెజ్జం తొలిచింది నేనేగా."

మేస్త్రీ వేలు పట్టుకునే కసిరాడు. "లెక్కలాయనకి తెలవదా ఏంది? ఇంక ఉలి పక్కన బెట్టి మనవళ్లని ఆడిచ్చుకో, పెద్దాయనా."

అక్కడున్న కూలీలందరూ నవ్వారు. వాళ్ల మీదా కోపమే నాకు. ఒక్కడైనా నన్ను ఎదురు అడగలేదేం? అడిగితే ఒప్పుకునేవాణ్ణా? లేదు. ఇదీ సాకే.

మామ మాత్రం, "అన్నానేమోలే" అన్నాడు.

ఆ మాటే నన్ను తినేస్తోంది. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఆయన నన్ను నమ్మి, తన మతిని అనుమానించాడు. ఆ తర్వాత చెప్పిన కొలతే మళ్లీ మళ్లీ చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఏడాది తిరక్కుండా పని మానేశాడు. ఇప్పుడు దుకాణానికెళ్లినా, "నేనేం అడిగాను?" అని అడుగుతాడు.

ఆయన సరిగ్గానే చెప్పాడు. తప్పు కోసింది నేను. తెలిసీ అబద్ధమాడింది నేను. ఎదురుగా నిలబడి ఈ మాట అనగలనో లేదో తెలియదు. రాయడమైతే రాశాను. ఇవాళ్టికి నాకు చేతనైంది ఇంతే.